బొమ్మల వీడియోకు కంపెనీ స్ట్రైక్ వేస్తే ఛానెల్ తీసేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు తిరుపతిలో ఉంటారు. ఏడో తరగతి చదివే మీ అబ్బాయితో కలిసి ప్లాస్టిక్ ఇటుకల బొమ్మలను కొంచెం కొంచెం జరుపుతూ ఫొటోలు తీసి, తెలుగు మాటలు కలిపి స్టాప్ మోషన్ కథలు చేస్తున్నారు. ఛానెల్ పేరులోనే ఆ బొమ్మల కంపెనీ పేరు ఉంది. 38 వేల మంది సబ్‌స్క్రైబర్లు. పోయిన వారం ఒక వీడియోకు కాపీరైట్ స్ట్రైక్ పడింది, అంటే కాపీరైట్ ఫిర్యాదు మీద యూట్యూబ్ ఆ వీడియోను తీసేసి ఛానెల్‌కు హెచ్చరిక వేసింది. రెండు రోజుల తర్వాత "ఛానెల్ పేరు, లోగో మార్చండి" అని మెయిల్ వచ్చింది. మీ బావగారు "మూడేళ్లు జైలు" అన్నారు. భయపడి ఛానెల్ మొత్తం తీసేద్దామనుకుంటున్నారు.

తీసేయొద్దు. డబ్బిచ్చి కొన్న బొమ్మను చూపిస్తూ వీడియో తీసినంత మాత్రాన ఎవరూ నేరస్తులు కారు. అయితే కంపెనీ పేరును మీ ఛానెల్ పేరుగా, దాని లోగోను మీ గుర్తుగా పెట్టుకోవడం తప్పే. ఆ రెండూ ఈ రాత్రికే మార్చేయండి. స్ట్రైక్ సంగతి వేరు. దానికి కౌంటర్ నోటిఫికేషన్ (ఆ ఫిర్యాదు తప్పని యూట్యూబ్‌కు ఇచ్చే ఎదురు జవాబు) పంపమని మీ మిత్రులు చెప్పారని రాశారు కదా, అది మాత్రం ఇప్పుడే పంపకండి. ఎందుకో కింద చెప్తాను.

నేను తిరుపతి కోర్టులో పంతొమ్మిదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. రోజూ చూసేవి భూమి తగాదాలు, చెక్ బౌన్స్ కేసులే. మొదట్లో స్వీట్ షాపులకు, అగరబత్తీల వాళ్లకు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్లు చేయిస్తూ ఈ వైపు వచ్చాను. ఐదారేళ్లుగా యూట్యూబ్ వాళ్లు కూడా వస్తున్నారు. (ఫోన్ నంబరు అడగకండి. లాయర్లు పని కోసం ప్రచారం చేసుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం.)

మొదట తెలుసుకోవాల్సింది, మీకు వచ్చినవి రెండు వేర్వేరు ఫిర్యాదులు. స్ట్రైక్ కాపీరైట్ కింద వచ్చింది, అది పాట, బొమ్మ, వీడియో లాంటి సృష్టి మీద హక్కు. పేరు మార్చమన్న మెయిల్ ట్రేడ్‌మార్క్ కింద వచ్చింది, అది వ్యాపార పేరు, లోగోల మీద హక్కు. రెంటికీ చట్టం వేరు, జవాబు వేరు. ఇలాంటి కేసు మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు నేనే ఈ తేడా పట్టించుకోలేదు. ట్రేడ్‌మార్క్ ఫిర్యాదుకు కాపీరైట్ వాదనలతో నాలుగు పేజీల జవాబు రాసి పంపాను. అవతలి లాయరు ఒకే ఒక్క లైను రాశారు: "మేం అడిగింది ఇది కాదు." ఆ మెయిల్ ఇంకా దాచుకున్నాను.

మన ఊళ్లో అందరికీ తెలిసిన ఉదాహరణ చెప్తాను. తిరుపతి లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ హక్కు టీటీడీది. మీరు లడ్డూ కొనుక్కొచ్చి వీధంతా పంచొచ్చు, తింటూ వీడియో తీసి "తిరుపతి లడ్డూ తింటున్నాం" అని పేరు పెట్టొచ్చు. మీ ఇంట్లో చుట్టిన లడ్డూలను అదే పేరుతో బోర్డు పెట్టి అమ్మితే మాత్రం నోటీసు వస్తుంది. అది వేరే చట్టమే అయినా తర్కం ఒకటే. వస్తువు మీ చేతికొచ్చింది, పేరు రాలేదు.

ట్రేడ్‌మార్క్ చట్టం 1999లో 30వ సెక్షన్ మీకు కొంత వీలు ఇస్తుంది. ఫలానా వస్తువు ఫలానా కంపెనీది అని చెప్పడానికి, నిజాయితీగా వాడినంతవరకు, ఆ పేరు వాడుకోవచ్చు. "ఈ కథను ఫలానా ఇటుకలతో చేశాం" అని డిస్క్రిప్షన్‌లో రాయడానికి ఇబ్బంది లేదు. ఛానెల్ పేరు "ఫలానా తెలుగు" అయితే, చూసేవాడు కంపెనీయే తెలుగులో ఛానెల్ పెట్టిందనుకుంటాడు. గొడవంతా ఆ ఒక్క అనుమానం దగ్గరే. ప్లాస్టిక్ ఇటుకల బొమ్మలు చేసే లెగో కంపెనీ అయితే అభిమానుల కోసం 'ఫెయిర్ ప్లే' అని ఒక పత్రమే పెట్టింది. అభిమానులు తమ సైట్ల మీద లోగో పెట్టుకోకూడదు, సైటు చిరునామాలో కంపెనీ పేరు ఉండకూడదు, దీనికీ మాకూ సంబంధం లేదని తెలిసేలా ఒక వాక్యం రాయాలి అంటుంది. మీ కంపెనీ ఏదైనా సరే, వాళ్ల సైట్‌లో ఇలాంటి పేజీ ఉందేమో వెతకండి. చాలావరకు ఉంటుంది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో నోటీసు రాకముందు దాన్ని చదివినవాళ్లు ఒక్కరూ లేరు.

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో థామస్ పాంకే అనే ఆయన బొమ్మల షాపు నడుపుతూ యూట్యూబ్ చేస్తాడు. 2019లో ఆయన లోగోలో ఉన్న ఇటుక బొమ్మ తమ ఇటుకలా ఉందని లెగో లాయర్లు ఉత్తరం రాస్తే లోగో మార్చుకున్నాడు. 2021లో మళ్లీ వచ్చారు. వేరే కంపెనీల ఇటుకలను కూడా వీడియోల్లో లెగో అంటున్నారని ఈసారి అభ్యంతరం. మనవాళ్లు ఏ కంపెనీ ఇటుకనైనా లెగో అనేస్తారు కదా, జిరాక్స్ అన్నట్టు. కంపెనీలకు ఆ అలవాటంటేనే హడల్. పేరు అందరిదీ అయిపోతే ఇక హక్కు నిలవదు. ఆ ఉత్తరాలతో లెగోకు అక్కడ చెడ్డపేరే ఎక్కువ వచ్చింది, అది వేరే కథ. మీ వీడియోల్లో చవక రకం ఇటుకలు కూడా వాడుతున్నామన్నారు. వాటిని ఆ బ్రాండ్ పేరుతో పిలవకండి.

ఇటుకల విషయంలో ఇంకో తమాషా ఉంది. ఇటుక ఆకారం మీద ట్రేడ్‌మార్క్ కోసం లెగో చాలా ఏళ్లు పోరాడింది. 2005లో కెనడా సుప్రీంకోర్టు, 2010లో యూరప్ అత్యున్నత న్యాయస్థానం రెండూ కుదరదన్నాయి. అతుక్కోవడానికి పనికొచ్చే ఆకారాన్ని ట్రేడ్‌మార్క్ పేరుతో శాశ్వతంగా బిగించుకోలేరన్నది కారణం. అదే ఇటుకల మధ్య నిలబడే చిన్న మనిషి బొమ్మ ఆకారానికి ఉన్న ట్రేడ్‌మార్క్‌ను మాత్రం 2015లో యూరప్ కోర్టు నిలబెట్టింది. కాబట్టి మీ థంబ్‌నెయిల్ నిండా ఇటుకల గోడ ఉండటం వేరు, ఆ చిన్న మనిషి మొహాన్నే మీ ఛానెల్ గుర్తు చేసుకోవడం వేరు.

మన దేశంలో బొమ్మల కంపెనీ కోర్టుకెక్కిన కేసుల్లో నాకు బాగా నచ్చేది స్క్రాబ్యులస్ కేసు. కోల్‌కతాకు చెందిన అగర్వాలా సోదరులు, బోర్డు మీద అక్షరాలతో మాటలు కూర్చే స్క్రాబుల్ ఆటను స్క్రాబ్యులస్ పేరుతో ఇంటర్నెట్‌లో ఆడేలా చేశారు, ఫేస్‌బుక్‌లో లక్షల మంది ఆడారు. అమెరికా, కెనడా తప్ప మిగతా ప్రపంచంలో ఆ ఆట హక్కులు బార్బీ బొమ్మలు చేసే మాటెల్ కంపెనీవి. మాటెల్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2008 సెప్టెంబరులో కోర్టు, ఆట బోర్డు మీదా నియమాల మీదా కాపీరైట్ వాదనను ఒప్పుకోలేదు. కానీ స్క్రాబుల్‌ను పోలిన ఆ పేరు వాడొద్దని ఆర్డరు ఇచ్చింది. వాళ్లు పేరు లెక్సులస్ అని మార్చుకుని ఆట కొనసాగించారు. మీ కేసు కూడా ఇలాగే తేలుతుందని నా అంచనా: పేరు పోతుంది, ఆట మిగులుతుంది.

ఇప్పుడు స్ట్రైక్. ఇది కాస్త చిక్కుది.

మొదట యూట్యూబ్ స్టూడియోలో స్ట్రైక్ వివరాలు తెరిచి, ఎవరు వేశారు, వీడియోలో ఏ భాగం మీద వేశారు అన్నది చదవండి. నా దగ్గరికి వచ్చిన పది మందిలో ఏడెనిమిది మంది "బొమ్మ చూపించామని వేశారు" అంటారు. తెరిచి చూస్తే బొమ్మ కాదు. వెనకాల ఆ కంపెనీ సీరియల్ టైటిల్ పాట ఉంటుంది. లేదా కార్టూన్‌లోని ముప్పై సెకన్ల ముక్క, పెట్టె మీది బొమ్మను స్కాన్ చేసి చేసిన థంబ్‌నెయిల్. 1987లో టాడ్ హేన్స్ అనే అమెరికా దర్శకుడు కారెన్ కార్పెంటర్ అనే గాయని జీవితాన్ని బార్బీ బొమ్మలతోనే సినిమాగా తీశాడు. ఆ సినిమా ప్రదర్శనలు 1990లో ఆగిపోయాయి. ఆపించింది బొమ్మల కంపెనీ కాదు, పాటలకు అనుమతి తీసుకోలేదని కేసు వేసిన గాయని అన్నయ్య. మీ వీడియోలోనూ మొదట పాటనే అనుమానించండి.

పాటా ముక్కా ఏవీ లేవు, బొమ్మ మీదే ఫిర్యాదు అనుకుందాం. అప్పుడేంటి? బొమ్మ మొహం, దాని రూపం కళాకృతి కిందికి వస్తాయి, కాపీరైట్ ఉండొచ్చు. మన కాపీరైట్ చట్టం 1957లో 15వ సెక్షన్ ఒకటుంది: డిజైన్‌గా నమోదు చేయదగ్గ రూపాన్ని నమోదు చేయకుండా ఫ్యాక్టరీలో యాభై సార్లకు మించి అచ్చుపోస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. లక్షల్లో పోసే బొమ్మలకు ఇది పెద్ద ప్రశ్నే. ఏది కళాకృతి, ఏది డిజైన్ అని తేల్చే పద్ధతి గురించి 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక తీర్పు కూడా ఇచ్చింది. అది బొమ్మల కేసు కాదు, గ్యాస్ ట్యాంకర్ల డ్రాయింగుల కేసు. కోర్టులో వాదించడానికి ఇవి బాగుంటాయి. యూట్యూబ్ ఫారంలో నింపడానికి పనికిరావు.

52వ సెక్షన్ గురించి కూడా చెప్పాలి. విమర్శ, సమీక్ష, వార్త, సొంత వాడకం లాంటి కొన్ని పనులకు అక్కడ మినహాయింపు ఉంది. బొమ్మ విప్పి చూపించి బాగుందో లేదో చెప్పే రివ్యూ వీడియో హాయిగా దాని కింద నిలబడుతుంది. మీరు చేసేవి కథలు. "అభిమానంతో చేశాను", "డబ్బులు రావట్లేదు" అనే మినహాయింపులు ఆ సెక్షన్‌లో లేవు. మీరు సొంత పాత్రలతో సొంత కథ చెప్తున్నారు, ఇటుకలు మీకు మట్టి లాంటివి అంతే, అలాంటప్పుడు మీ పక్షం బలంగా ఉంటుంది. కంపెనీ కార్టూన్‌లోని హీరోనే పేరుతో సహా తెచ్చి ఇంకో ఎపిసోడ్ నడిపిస్తే బలహీనపడుతుంది. స్ట్రైక్ పడిన వీడియో ఈ రెంటిలో ఏదో మీరు రాయలేదు.

ఒక మాట ఎక్కువగా చూస్తుంటాను. చాలా తెలుగు ఛానెళ్లలో డిస్క్రిప్షన్ కింద "1976 కాపీరైట్ చట్టం 107వ సెక్షన్ ప్రకారం ఫెయిర్ యూజ్" అని ఇంగ్లీషులో అతికిస్తారు. అది అమెరికా చట్టం. రక్ష తాయెత్తులా కట్టుకుంటున్నారు గానీ అది రాసినందుకు స్ట్రైక్ ఆగదు. "పది సెకన్లలోపైతే పర్లేదు" అన్నదీ అంతే, అలాంటి లెక్క మన చట్టంలో లేదు.

వెక్కిరింపు వీడియోల సంగతి కొంచెం నయం. బార్బీ మీద ఆక్వా బృందం చేసిన పాట మీద మాటెల్ అమెరికాలో దావా వేసి 2002లో ఓడిపోయింది. తీర్పు చివర్లో జడ్జి రెండు పక్షాలనూ కాస్త చల్లబడమని సలహా ఇచ్చాడు. బార్బీలను మిక్సీలో, ఓవెన్‌లో పెట్టి ఫొటోలు తీసిన టామ్ ఫోర్సైత్ మీదా ఓడిపోయింది, పైగా ఆయన లాయరు ఖర్చుల కింద 18 లక్షల డాలర్లు కట్టమని కోర్టు చెప్పింది. మన దగ్గర 2011లో టాటా కంపెనీ, పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ చేసిన వెక్కిరింపు వీడియో గేమ్‌ను ఆపమంటే ఢిల్లీ హైకోర్టు ఆపలేదు. మీరు వెక్కిరించట్లేదు కాబట్టి ఇవి మీకు నేరుగా పనికిరావు. కంపెనీ నోటీసు పంపినంత మాత్రాన కంపెనీదే న్యాయం కాదని తెలియడానికి చెప్పాను.

ఇక కౌంటర్ నోటిఫికేషన్. చిత్తూరు కుర్రాడు ఒకడు, సూపర్ హీరో బొమ్మల రివ్యూలు చేసేవాడు. రివ్యూ వరకు బాగానే ఉంది, మధ్యమధ్యలో ఆ కంపెనీ యానిమేషన్ ముక్కలు కూడా వేశాడు. స్ట్రైక్ పడింది. "ఛానెల్ రికవరీ చేస్తాం" అని ఆన్‌లైన్‌లో తిరిగే ఒకడికి ఆరు వేలు ఇస్తే, వాడు ఎక్కడో దొరికిన నమూనా అతికించి కౌంటర్ పంపేశాడు. అందులో ఏముందో మా వాడు చదవలేదు. "పొరపాటున తీసేశారని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను, అబద్ధమైతే శిక్షకు సిద్ధం" అని ప్రమాణం. అమెరికా ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నానని ఇంకో వాక్యం. కింద ఇంటి చిరునామా, ఫోను. అవన్నీ నేరుగా కంపెనీ లాయరుకు వెళ్తాయి. యూట్యూబ్ ఆ కంపెనీకి పది పనిదినాలు గడువు ఇస్తుంది, ఆలోపు కోర్టుకు వెళ్లినట్టు చూపించకపోతే వీడియో తిరిగి వస్తుంది. చాలా కంపెనీలు వెళ్లవు. వీడి ఖర్మకు ఆ కంపెనీ వెళ్లింది.

ఢిల్లీ నుంచి సమన్లు వచ్చాయి. కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం కంపెనీ తాను వ్యాపారం చేసే చోట కూడా దావా వేసుకోవచ్చు, చిత్తూరు రావాల్సిన పని లేదు. వాళ్ల నాన్న పాల వ్యాపారం చేస్తారు. ఆ కాగితం పట్టుకుని మా ఆఫీసులో కూర్చుని, "సార్, బొమ్మ చూపించినందుకు ఢిల్లీ కోర్టా?" అని ఆయన అడిగిన తీరు నాకు ఇంకా గుర్తుంది. చివరికి రాజీ కుదిరింది. ఆ వీడియోలు తీసేశాం, ఇకపై ముక్కలు వాడనని కోర్టుకు రాతపూర్వక హామీ (అండర్‌టేకింగ్) ఇచ్చాడు, నష్టపరిహారం అడగలేదు. ఢిల్లీ లాయరు ఫీజు మాత్రం ఆ ఛానెల్ జన్మలో సంపాదించినదానికంటే ఎక్కువైంది. ట్రేడ్‌మార్క్ ఫిర్యాదుకైతే ఈ కౌంటర్ దారే లేదు, అది కాపీరైట్‌కు మాత్రమే.

అందుకే నా సలహా, మొదట రిట్రాక్షన్ అడగండి, అంటే ఫిర్యాదును వాళ్లనే వెనక్కి తీసుకోమనండి. స్ట్రైక్ వివరాల్లో ఫిర్యాదు చేసినవారి మెయిల్ ఉంటుంది. సులువైన ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చాలు: నేనూ మా అబ్బాయీ కొన్న బొమ్మలతో కథలు చేస్తాం, మీ పేరు, లోగో ఫలానా తేదీన తీసేశాం, ఫలానా నిమిషంలో ఉన్న పాట తీసేస్తాం, దయచేసి స్ట్రైక్ వెనక్కి తీసుకోండి. చట్టం సెక్షన్లు రాయకండి, బతిమాలకండి, "లక్షల మంది మీ బొమ్మలు కొనేలా చేశాను" అని గొప్పలు పోకండి. నేను రాయించిన వాటిలో సగానికి పైగా రెండు మూడు వారాల్లో వెనక్కి తీసుకున్నారు. తీసుకోకపోయినా, కాపీరైట్ స్కూల్ అని యూట్యూబ్ పెట్టే చిన్న పరీక్ష పూర్తి చేస్తే 90 రోజులకు స్ట్రైక్ పోతుంది. ఈలోపు మొత్తం మూడు పడితేనే ఛానెల్‌కు ముప్పు. అందుకని మిగతా వీడియోల్లో పాటలు, ముక్కలు ఉన్నవాటిని ఇప్పుడే ప్రైవేట్ చేయండి. స్ట్రైక్ పడిన వీడియోను డిలీట్ చేస్తే స్ట్రైక్ పోతుందనుకోకండి, పోదు.

మీకు వచ్చింది స్ట్రైకే అని కూడా సరిచూసుకోండి. యూట్యూబ్ యంత్రమే పోలిక పట్టి వేసే కంటెంట్ ఐడీ క్లెయిమ్ అయితే చాలాసార్లు ఆ వీడియో డబ్బులు వాళ్లకు పోతాయి, అంతే. దానికి ఇంత హైరానా అక్కర్లేదు.

పేరు మార్చమన్న మెయిల్ ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో కూడా చూడండి. ఉచిత మెయిల్ చిరునామా నుంచి వచ్చి, "సెటిల్‌మెంట్ కింద నలభై వేలు ఈ నంబరుకు పంపండి" అని ఉంటే అది మోసం. నిరుడు రేణిగుంట నుంచి ఒకాయన అచ్చం ఇలాంటిదే తెచ్చారు, లెటర్‌హెడ్ కూడా ముచ్చటగా ఉంది. అసలు కంపెనీ సైట్‌లో ఉన్న చిరునామాకు ఫార్వర్డ్ చేస్తే "మేం పంపలేదు" అని జవాబొచ్చింది. మీ మెయిల్‌లో డబ్బు ప్రస్తావన లేదన్నారు కాబట్టి నిజమైనదే కావచ్చు.

జైలు గురించి. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్‌లో ఆరు నెలల నుంచి మూడేళ్లు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా అని ఉన్నమాట నిజమే. అది వారెంట్ లేకుండా అరెస్టు చేయదగ్గ, బెయిలు హక్కుగా దొరకని నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పిందీ నిజమే. మీ బావగారు ఎక్కడో చదివే ఉంటారు. కానీ తెలిసీ ఉల్లంఘించాడని రుజువు కావాలి, లాభం కోసం చేయకపోతే శిక్ష తగ్గించే వీలుంది. పోలీసులు దీన్ని వాడేది నకిలీ సరుకు గోడౌన్ల మీద. తండ్రీ కొడుకులు బొమ్మలతో కథ చెప్పినందుకు కేసు కట్టడం నా ప్రాక్టీసులో నేను చూడలేదు. టెన్షన్ పడకండి.

కంపెనీల స్వభావం కూడా ఒకేలా ఉండదు. వార్‌హామర్ బొమ్మలు చేసే బ్రిటన్ కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ 2021లో అభిమానుల సినిమాలు, యానిమేషన్లు అసలే చేయకూడదని నియమం పెట్టింది. అదే ఏడాది తన సొంత వీడియో సేవ మొదలుపెట్టింది, కారణం మీరే ఊహించుకోవచ్చు. ఏళ్ల తరబడి ఉచితంగా ప్రచారం చేసిన అభిమానులు రాత్రికి రాత్రి ఆపేయాల్సి వచ్చింది. నా మటుకు నాకు అది తెలివితక్కువ పని అనిపిస్తుంది. హక్కు ఉండటం వేరు, దాన్ని ఎవరి మీద వాడాలో తెలియడం వేరు.

మీరు టీ షర్టులు వేయించి అమ్మాలనుకుంటున్నామని చివర్లో రాశారు. అది మాత్రం వద్దు, ఆ బొమ్మ రూపం గానీ పేరు గానీ ఉంటే అసలే వద్దు. ఏర్పేడు దగ్గర మాధవమాల చెక్క బొమ్మలు చేసే ఒకాయన, ఎవరో ఆర్డరిచ్చారని విదేశీ కార్టూన్ పాత్రను చెక్కతో చెక్కి ఆన్‌లైన్‌లో పెట్టాడు. అద్భుతంగా చెక్కాడు, ఒప్పుకోవాల్సిందే. రెండు వారాల్లో లిస్టింగ్ పోయింది, అకౌంటులో ఉన్న డబ్బు కూడా కొన్నాళ్లు ఆగిపోయింది. దేవుడి బొమ్మలు అమ్ముకున్న అదే అకౌంటు. వీడియో చూసీ చూడనట్టు వదిలేసే కంపెనీలు కూడా సరుకు అమ్మితే వదలవు.

ఇంకొకటి అడిగారు: ఈ ఛానెల్‌ను ఇలాగే వదిలేసి అబ్బాయి పేరు మీద కొత్తది తెరవచ్చా అని. స్ట్రైక్ ఆంక్షలు ఉన్నప్పుడు వాటిని తప్పించుకోవడానికి ఇంకో ఛానెల్ వాడటం యూట్యూబ్ నియమాలకు విరుద్ధం, దొరికితే రెండూ పోతాయి. పైగా రేపు ఏ నోటీసు వచ్చినా పన్నెండేళ్ల వాడి పేరు మీద వస్తుంది. ఉన్న ఛానెల్‌కే కొత్త పేరు పెట్టండి. పేరు వాడినే పెట్టమనండి.